నాయన కొన్న చదరంగం ఫ్లాపీలు కొత్త ల్యాప్‌టాప్‌లో నడిపితే తప్పా?

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా నాయన మద్రాసులో కొన్న చెస్ జీనియస్ డాస్ ఫ్లాపీలు, తర్వాత కొన్న ఫ్రిట్జ్ సీడీ, 2003లో కొన్న ఇంకో చదరంగం సీడీ పెట్టెలతో సహా నా దగ్గరున్నాయి. నాయన ఇప్పుడు లేరు. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో ఒక్కటీ సరిగా నడవడం లేదు. తిలక్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి ‘సీడీ అడగకుండా చేసే ఫైలు నెట్‌లో ఉంది, వేసిస్తా’ అంటున్నాడు. నేను ఇంట్లో పిల్లలకు ఫీజు తీసుకుని చదరంగం నేర్పిస్తాను, ఆరు కంప్యూటర్లున్నాయి. ఆరింటిలోనూ వేసుకోవచ్చా? పిల్లలకు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వచ్చా? కంపెనీలు ఈ పాతవి అమ్మడమే మానేశాయి కదా సార్, ఇంక ఎవరికి నష్టం?

జవాబు: మీ పెట్టెలోని డిస్కు నుంచి మీరే కాపీ తీసుకుని, ఒక కంప్యూటర్‌లో మీరే నడుపుకుంటే చట్టం అడ్డు చెప్పదు. నెట్ నుంచి దించిన ఫైలు, ఆరు కంప్యూటర్లు, పిల్లల పెన్‌డ్రైవ్‌లు, ఈ మూడింటికీ ఆ రక్షణ లేదు.

ముందు మీ ఆఖరి మాట తీసుకుందాం, ఎందుకంటే చాలామంది అక్కడే పొరబడతారు. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 2(ఓ) కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగా లెక్కిస్తుంది. సెక్షన్ 22 ప్రకారం దాని హక్కు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. 1990లలో వచ్చిన చదరంగం ప్రోగ్రాముకు ఆ గడువు మనం చూస్తుండగా తీరదు. అమ్మకం ఆపినంత మాత్రాన హక్కు వదులుకున్నట్టు కాదు. రచయిత హక్కు వదులుకోవాలంటే సెక్షన్ 21 కింద కాపీరైట్ రిజిస్ట్రారుకు నోటీసు ఇవ్వాలి, లేదా బహిరంగ ప్రకటన చేయాలి. కంపెనీ మూతపడినా హక్కు మరొకరి చేతికి వెళ్తుందే తప్ప గాలిలో కలిసిపోదు. విదేశీ ప్రోగ్రాములకు కూడా 1999 నాటి అంతర్జాతీయ కాపీరైట్ ఉత్తర్వు ద్వారా ఇక్కడ ఇదే రక్షణ ఉంది. కొందరు రచయితలు తమ పాత డాస్ వెర్షన్లను తామే ఉచితంగా ఇచ్చారు, రెబెల్ అనే చదరంగం ప్రోగ్రాము రాసిన ఎడ్ ష్రోడర్ అలాంటివారే. అలాంటి ప్రోగ్రాములకు రచయిత మాటే అనుమతి. ఆ ప్రకటన పేజీని ప్రింటు తీసి దాచుకోండి.

ఇక మీ నాయన పెట్టెల సంగతి. డబ్బాలో అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకు కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 2004లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో చెప్పింది. అది అమ్మకం పన్ను తగాదా. అయినా మీకు పనికొచ్చే మాట అందులో ఉంది: ఆ డిస్కులు మీ నాయన చరాస్తి, వారసత్వంగా మీకు వస్తాయి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్ల చేత ‘మాకు అభ్యంతరం లేదు’ అని ఒక కాగితం మీద సంతకం చేయించుకోండి. బిల్లు, మాన్యువల్, రిజిస్ట్రేషన్ కార్డు, పెట్టె అట్ట, ఏదీ పారేయకండి. రేపు మిమ్మల్ని ‘చట్టబద్ధంగా కలిగి ఉన్న వ్యక్తి’గా నిలబెట్టే సాక్ష్యం అదే. చట్టం ఇచ్చే మినహాయింపు అంతా ఆ ఒక్క అర్హత మీదే ఆధారపడి ఉంది.

ఆ మినహాయింపు సెక్షన్ 52(1)(ఏఏ). కాపీని చట్టబద్ధంగా కలిగి ఉన్నవారు, ‘ఆ కాపీ నుంచే’, రెండు పనులకు కాపీలు తీసుకోవచ్చు లేదా ప్రోగ్రామును మార్పు చేసుకోవచ్చు. ప్రోగ్రామును ఏ పనికి ఇచ్చారో ఆ పనికి వాడుకోవడానికి ఒకటి, పోతుందనో పాడవుతుందనో తాత్కాలిక రక్షణగా బ్యాకప్ పెట్టుకోవడానికి రెండోది. 52(1)(ఏడీ) ఇంకో వెసులుబాటు ఇస్తుంది: సొంతంగా, చట్టబద్ధంగా పొందిన కాపీ నుంచి వ్యాపారం కాని సొంత వాడకానికి కాపీ చేసుకోవచ్చు. ఫీజు తీసుకుని నేర్పే గదిలో ఈ (ఏడీ) వెసులుబాటు అక్కరకు రాదు. మీరు (ఏఏ) మీదే నిలబడాలి.

ఇప్పుడు ఒక్కో డిస్కూ చూద్దాం. చెస్ జీనియస్ డాస్ (విండోస్‌కు ముందు వాడిన ఆపరేటింగ్ సిస్టమ్) ప్రోగ్రాము. 64 బిట్ విండోస్ ఇలాంటి పాత 16 బిట్ ప్రోగ్రాములను నడపదు, విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. అందుకే కంపాటిబిలిటీ మోడ్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. దారి డాస్‌బాక్స్, పాత డాస్ కంప్యూటర్‌ను కొత్త యంత్రంలో అనుకరించే ప్రోగ్రాము. అది జీపీఎల్ (ఎవరైనా వాడి, పంచుకోవచ్చనే ఉచిత సాఫ్ట్‌వేర్ లైసెన్స్) కింద ఉచితం కాబట్టి దానికి లైసెన్స్ సమస్య లేదు. ఎంఎస్ డాస్ డిస్కు ఎవరి దగ్గరా తెచ్చుకోనక్కర్లేదు, డాస్‌బాక్స్‌లో దాని పని చేసే భాగం ఉంది.  

మొదట ఫ్లాపీ మూలన ఉన్న చిన్న తలుపు జరిపి రంధ్రం కనిపించేలా పెట్టండి. అలా ఉంటే డ్రైవు దాని మీద ఏమీ రాయలేదు. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవుతో ఫైళ్లు విడివిడిగా కాకుండా డిస్కు మొత్తాన్ని ఇమేజ్‌గా (డిస్కులో ఉన్నదంతా యథాతథంగా ఉండే ఒకే ఫైలు) తీయండి. 1.44 ఎంబీ ఫ్లాపీకి ఆ ఫైలు సరిగ్గా 14,74,560 బైట్లు ఉండాలి. తక్కువ వచ్చిందంటే చదవడం మధ్యలో ఆగిందన్నమాట. ఆనాటి కొన్ని ఫ్లాపీల్లో కాపీ కాకుండా కావాలనే వింత ఫార్మాట్‌లో సెక్టార్లు (డిస్కు మీది చిన్న భాగాలు) రాసేవారు. యూఎస్‌బీ డ్రైవులు మామూలు ఫార్మాట్ తప్ప చదవలేవు, అలాంటి డిస్కుకు మదర్‌బోర్డుకు కేబుల్‌తో తగిలించే పాత డ్రైవు ఉన్న కంప్యూటర్ కావాలి. ఇమేజ్ తీసిన రోజు, దాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంకేతం), ఫ్లాపీ లేబుల్ ఫొటో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. కాపీ మీ డిస్కు నుంచే వచ్చిందని చెప్పడానికి ఇంతకన్నా గట్టి ఆధారం ఉండదు.

డాస్‌బాక్స్‌లో సైకిల్స్ (అనుకరించే యంత్రం వేగం) సంఖ్యను గుర్తుపెట్టుకోండి. సుమారు 25,000 పెడితే 66 మెగాహెర్ట్జ్ 486 యంత్రం దరిదాపుల్లో నడుస్తుంది. సమయం మీద ఆధారపడే లెవల్స్‌లో ఈ సంఖ్య మారితే ప్రోగ్రాము ఆడే బలమే మారిపోతుంది. పిల్లలతో ఆడించేటప్పుడు ఒకే సంఖ్య ఉంచండి. టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ సాధనంతో రాసిన కొన్ని పాత ప్రోగ్రాములు వేగవంతమైన యంత్రం మీద ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అని ఆగిపోతాయి. ఆలస్యాన్ని లెక్కగట్టే భాగంలో భాగహారం పట్టు తప్పడం దానికి కారణం. సైకిల్స్ తగ్గించడంతో తీరకపోతే ఆ ఫైలులో చిన్న సవరణ చేయాల్సి వస్తుంది. మీ కాపీలో మీ వాడకానికి చేసుకునే ఆ సవరణ (ఏఏ) చెప్పిన మార్పు కిందికే వస్తుంది.

ఫ్రిట్జ్ సీడీ సులువు. 32 బిట్ ప్రోగ్రాము అయితే విండోస్ 11లోనూ చాలావరకు నడుస్తుంది. ప్రోగ్రాము 32 బిట్‌దైనా దాని ఇన్‌స్టాలర్ 16 బిట్‌దైతే మొదటి అడుగులోనే ఆగుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో కాకుండా సి డ్రైవ్‌లో సొంత ఫోల్డర్‌లో వేయండి. పాత ప్రోగ్రాములు తమ ఫోల్డర్‌లోనే సెట్టింగులు రాస్తాయి, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో విండోస్ దానికి ఒప్పుకోదు. పాత రకం హెల్ప్ ఫైలు తెరుచుకోకపోతే కంగారు పడకండి, దాన్ని చూపించే భాగం కొత్త విండోస్‌లో లేదు.

అసలు చిక్కు 2003 సీడీ. ఆ కాలపు ఆటల్లో సేఫ్‌డిస్క్ లాంటి రక్షణలు ఉండేవి. సీడీ డ్రైవులో ఉందో లేదో చూడడానికి అది విండోస్ లోతుల్లో ఒక డ్రైవర్ ఫైలు వేసేది. భద్రతా లోపం ఉందని మైక్రోసాఫ్ట్ 2015 సెప్టెంబరులో విస్టా, 7, 8 వెర్షన్లలో దాన్ని ఆపేసింది. విండోస్ 10 నుంచి అది లేనే లేదు. అంటే డబ్బు పెట్టి కొన్న అసలు సీడీ పెట్టినా ‘సీడీ పెట్టండి’ అనే అడుగుతుంది. మామూలు ఐఎస్ఓ ఇమేజ్ తీసినా లాభం లేదు, రక్షణ కోసం చెక్కిన చెడు సెక్టార్లు ఆ ఇమేజ్‌లోకి రావు.

ఇక్కడ సెక్షన్ 65ఏ ముందుకొస్తుంది. 2012 సవరణతో వచ్చిన సెక్షన్ ఇది. రచన హక్కును కాపాడే సాంకేతిక రక్షణను ‘ఆ హక్కును ఉల్లంఘించే ఉద్దేశంతో’ ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఉద్దేశం అన్న మాటే కీలకం. చట్టం స్పష్టంగా నిషేధించని పనికి ఛేదిస్తే ఈ సెక్షన్ వర్తించదని 65ఏ(2) చెబుతుంది. మీ సొంత సీడీని మీరు ఆడుకోవడానికి అడ్డు తొలగించుకోవడం ఆ కోవలోకి వస్తుందని నా అభిప్రాయం. అయితే ఆ అబ్బాయి వేసిస్తానన్న ఫైలు వేరు. అది కంపెనీ ప్రోగ్రాము ఫైలునే ఎవరో మార్చి నెట్‌లో పెట్టిన కాపీ. మీ సీడీ నుంచి వచ్చింది కాదు కాబట్టి (ఏఏ)లోని ‘ఆ కాపీ నుంచే’ అన్న షరతు అక్కడే తెగిపోతుంది. అలాంటి ఫైళ్లతో వైరస్‌లూ వస్తాయి.

మీ సీడీకే సవరణ చేయాల్సి వచ్చినా, సాయం చేసేవాడికి ఒక బాధ్యత ఉంది, దాన్ని షాపులవాళ్లు ఎవరూ పట్టించుకోరు. ఎవరి కోసం రక్షణ తీశాడో వాళ్ల పేరు, చిరునామా, గుర్తించడానికి కావాల్సిన వివరాలు, ఏ పనికి తీశాడో పూర్తి రికార్డు రాసి ఉంచాలని 65ఏ(2) షరతు చెబుతోంది. ఆ అబ్బాయికి ఈ మాట చెప్పండి. సీడీ ఫొటోతో సహా ఒక రశీదు పుస్తకంలో రాసి, మీ సంతకం తీసుకోమనండి. అది అతనికీ మీకూ రక్షణ.

ఛేదించే అవసరమే లేని దారి ఉంటే అదే మేలు. వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాము) పాత విండోస్ ఎక్స్‌పీ వేసి, నిజమైన సీడీ డ్రైవును దానికి పాస్‌త్రూ పద్ధతిలో, అంటే నేరుగా అందేలా, ఇవ్వండి. కొన్ని సీడీలు అలా నడుస్తాయి. ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8న ఆగిపోయాయి, కాబట్టి ఆ వర్చువల్ యంత్రానికి ఇంటర్నెట్ ఇవ్వద్దు. రెండు లైసెన్సులు చూసుకోవాలి. పాత కంప్యూటర్ డబ్బాకు అంటించిన ఓఈఎం (కంప్యూటర్‌తో కలిపి అమ్మే) స్టిక్కరుతో వచ్చిన ఎక్స్‌పీ ఆ యంత్రానికే కట్టుబడి ఉంటుంది, కొత్త ల్యాప్‌టాప్‌కు మారదు. విడిగా పెట్టెలో కొన్న ఎక్స్‌పీ అయితే మార్చుకోవచ్చు. వర్చువల్‌బాక్స్ అసలు ప్యాకేజీ జీపీఎల్ కింద ఉచితమే, కానీ ఎక్స్‌టెన్షన్ ప్యాక్‌కు వేరే లైసెన్స్ ఉంది. అది సొంత వాడకానికి, విద్యా వాడకానికి ఉచితం. ఫీజు తీసుకునే మీ గది ఆ విద్యా వాడకంలోకి వస్తుందని ధీమా పడకండి, ఆ ప్యాక్ లేకుండానే మీ పని జరుగుతుంది. ఎక్స్‌పీ లైసెన్స్ దొరకకపోతే లినక్స్ మీద వైన్ (విండోస్ ప్రోగ్రాములను నడిపే ఉచిత సాధనం) ప్రయత్నించండి, దానికి విండోస్ లైసెన్సే అక్కర్లేదు. పాత ఎక్స్‌పీ కంప్యూటర్ ఇంట్లో ఇంకా పనిచేస్తుంటే మాత్రం ఇవేవీ వద్దు, దాన్నే ఉంచుకోండి.

ఆరు కంప్యూటర్లకు సమాధానం: కుదరదు. ఒక పెట్టె, ఒక లైసెన్స్. ఆరింటిలో వేస్తే ఐదు కాపీలకు ఏ మినహాయింపూ లేదు, పైగా అది వ్యాపార వాడకం. ఉల్లంఘన కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే సెక్షన్ 63బి కింద కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసమో వ్యాపారంలోనో వాడకపోతే జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టే అధికారం కోర్టుకు ఉంది. ఫీజు తీసుకునే మీకు ఆ దయ అడగడం కష్టం.

పిల్లలకు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వడం ఇంకా పెద్ద తప్పు. అది కాపీలు పంచడం, సెక్షన్ 63. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. ఈ నేరం కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా అరెస్టు చేయగలిగేది), నాన్ బెయిలబుల్ (బెయిలు హక్కుగా రానిది) అని సుప్రీంకోర్టు 2022 మే 20న నిట్ ప్రో కేసులో తేల్చింది. ఎస్‌ఐ స్థాయి అధికారి సెక్షన్ 64 కింద వారెంటు లేకుండానే కాపీలు స్వాధీనం చేసుకోవచ్చు. సివిల్ దావా జిల్లా కోర్టుకు తగ్గని కోర్టులో వేస్తారు. సెక్షన్ 62 హక్కుదారుకు తాను వ్యాపారం చేసే చోటే దావా వేసే వీలు ఇస్తుంది కాబట్టి, తిరుపతిలో జరిగిన పనికి దూరపు ఊరి కోర్టుకు తిరగాల్సి రావచ్చు. ఇమేజ్ ఫైళ్లను క్లౌడ్‌లో పెట్టి లింకు అందరికీ పంపడమూ ఇదే కోవ.

మిగతా ఐదు కంప్యూటర్లలో స్టాక్‌ఫిష్ వేయండి. అది జీపీఎల్ కింద వచ్చే చదరంగం ఇంజిన్, ఎన్ని యంత్రాల్లోనైనా, ఫీజు తీసుకునే చోటైనా వాడొచ్చు. పెన్‌డ్రైవ్‌లో పిల్లలకు ఇవ్వాలంటే లైసెన్స్ ఫైలు, సోర్స్ (ప్రోగ్రాము మూల కోడ్) దొరికే చోటు కూడా వెంట ఇవ్వాలి. ఈ షరతును తేలిగ్గా తీసుకోకండి: దీని మీదే స్టాక్‌ఫిష్ బృందం 2021లో చెస్‌బేస్ అనే చదరంగం సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద జర్మనీలో దావా వేసింది, 2022లో రాజీ కుదిరింది. మీ నాయన ఫ్రిట్జ్‌లో దాచిన ఆటలుంటే పీజీఎన్‌గా (ఎత్తులు మామూలు అక్షరాల్లో ఉండే ఫైలు) ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆయన ఆడిన ఎత్తులు ఎవరి సొత్తూ కావు, ఆయన రాసుకున్న వ్యాఖ్యలు మీ కుటుంబానివి. అవి పిల్లలకు నిశ్చింతగా పంచండి. సీడీతో వచ్చిన వేల ఆటల డేటాబేసును మాత్రం మొత్తంగా కాపీ చేసి ఇవ్వద్దు. సంకలనాలకూ సెక్షన్ 2(ఓ) కింద రక్షణ ఉంటుంది.

ఎప్పుడైనా ఈ పెట్టెలు అమ్మాలనుకుంటే అసలు డిస్కులను అమ్మొచ్చు. 1999 సవరణ తర్వాత ఒకసారి అమ్ముడైన కాపీని మళ్లీ అమ్మడానికి అడ్డు లేదని సుప్రీంకోర్టు 2021లో ఇంజినీరింగ్ అనాలిసిస్ కేసులో వివరించింది. అమ్మిన రోజే ఇమేజ్‌లు, ఇన్‌స్టాల్ చేసినవి చెరిపేయాలి, ఎందుకంటే డిస్కు చేయి దాటాక మీరు చట్టబద్ధంగా కలిగి ఉన్నవారు కారు. ఎవరైనా లీగల్ నోటీసు పంపితే కంగారులో ఏదీ డిలీట్ చేయకండి, ఫోనులో ఏదీ ఒప్పుకోకండి. పెట్టెలు, హ్యాష్‌లు రాసిన పుస్తకం, వారసుల కాగితం పట్టుకుని వకీలును కలిసి, నోటీసులో ఇచ్చిన గడువులోగా రాతపూర్వకంగా జవాబు ఇప్పించండి.