వైట్ వైన్‌లో వెన్న వాసన ఎక్కడిది?

ప్రశ్న: మా అల్లుడు విదేశం నుంచి వస్తూ రెండు వైట్ వైన్ సీసాలు తెచ్చారు. రెండింటి మీదా షార్డనే అనే ద్రాక్ష పేరే ఉంది. ఒకటి పచ్చి ఆపిల్ కొరికినట్టు పుల్లగా, పలుచగా ఉంది. రెండోది నాలుకను అంటిపెట్టుకొని, తాజా వెన్న వాసన వేస్తోంది. అందులో వాసన కోసం ఏమైనా కలిపి ఉంటారా? మొదటి సీసాను ఫ్రిజ్‌లో ఉంచి తీస్తే అడుగున పంచదార పలుకుల్లాంటివి కనిపించాయి. దానిని పారబోయాలా?
(ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: వెన్న వాసన రావడానికి బయటినుంచి ఏమీ కలపనక్కరలేదు. అది వైన్‌లోనే పుడుతుంది. మన ఇళ్లలో రాత్రిపూట పాలకు తోడు పెట్టే పనికి ఆ ప్రక్రియ దగ్గరి చుట్టం. షార్డనేకు తనదంటూ ఘాటైన వాసన లేదు. అందువల్ల తయారీలో ఏ చెయ్యి ఎక్కడ పడిందో ఈ ద్రాక్షలో తెలిసినంత స్పష్టంగా మరి కొన్నింటిలో తెలియదు.

ద్రాక్షరసంలో ముఖ్యంగా రెండు పులుపులు ఉంటాయి. మొదటిది టార్టారిక్ ఆమ్లం. మన చింతపండుకు ఆ పులుపునిచ్చేది అదే. రెండోది మాలిక్ ఆమ్లం. మీరు చెప్పిన పచ్చి ఆపిల్ రుచి దానిదే. ఈస్ట్ రసంలోని చక్కెరను ఆల్కహాల్‌గా మార్చిన తరువాత, సాధారణంగా ఈనోకాకస్ ఈనీ అనే బ్యాక్టీరియా పని మొదలుపెట్టి మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పెరుగులోని పులుపు కూడా లాక్టిక్ ఆమ్లమే. పాలను తోడుకునేలా చేసే సూక్ష్మజీవులు వేరు, ఇది వేరు. అయినా చివరకు మిగిలే పులుపు మాత్రం ఒకటే. పళ్లు జివ్వుమనిపించే పులుపు పోయి కమ్మని పులుపు మిగలడంతో వైన్ నోటికి మెత్తగా తగులుతుంది. అదే బ్యాక్టీరియా రసంలో కొద్దిగా ఉండే సిట్రిక్ ఆమ్లాన్ని కూడా తినేటప్పుడు డైఅసిటైల్ అనే పదార్థం పుడుతుంది. కమ్మని వెన్నకు ఆ వాసననిచ్చేది డైఅసిటైలే కాబట్టి, మీ ముక్కు మిమ్మల్ని మోసం చేయలేదు.

ఈ బ్యాక్టీరియాకు చలి పడదు. చలికాలంలో తోడు సరిగా పడదని మన పెద్దవాళ్లు గిన్నెకు గుడ్డ చుట్టి పొయ్యి పక్కన పెట్టేవారు. వైన్ తయారీదారుల ఇబ్బందీ అలాంటిదే. 18 నుంచి 22 డిగ్రీల మధ్య చురుకుగా పనిచేసే ఈ బ్యాక్టీరియా చల్లదనంలో మందగిస్తుంది. ఫ్రాన్స్‌లోని బర్గండీ నేలమాళిగల్లో శీతకాలమంతా ఈ మార్పు ఆగిపోయి, వసంతంలో ఎండ వచ్చాక మళ్లీ మొదలవడం పాత అనుభవమే. పచ్చి ఆపిల్ పులుపు నిలవాలనుకునేవారు వైన్‌ను చల్లగా ఉంచి, కొద్దిగా సల్ఫర్ డయాక్సైడ్ వేసి, సన్నని వడపోతతో బ్యాక్టీరియాను తీసేస్తారు. మీ మొదటి సీసా బహుశా ఆ దారిలో వచ్చినదే.

అయితే ఈ మార్పు జరిగిన ప్రతి వైన్‌కూ వెన్న వాసన రాదు. ఫ్రాన్స్‌లోని షాబ్లీ ప్రాంతంలో షార్డనేతోనే చేసే వైన్లు ఎక్కువగా ఈ దశ దాటినవే, అయినా వాటిలో ఆ వాసన ప్రస్ఫుటంగా ఉండదు. ఈస్ట్‌తో కలిసి ఉన్నంతకాలం డైఅసిటైల్ క్రమంగా వాసన తక్కువగల పదార్థంగా మారిపోతూ ఉంటుంది. కనుక వెన్న వాసన ఎంత మిగలాలన్నది వైన్‌ను అడుగున చేరిన ఈస్ట్ మడ్డి నుంచి ఎప్పుడు వేరుచేశారన్న దానిమీద కూడా ఆధారపడి ఉంటుంది.

ఆ మడ్డి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు చెప్పిన 'అంటిపెట్టుకునే' గుణానికి ముఖ్య కారణం అదే కావచ్చు. పులియడం ముగిశాక చనిపోయిన ఈస్ట్ కణాలు పీపా అడుగున లేత గోధుమరంగు ముద్దగా చేరతాయి. దానిని వెంటనే తీసేయకుండా నెలల తరబడి ఉంచి, అప్పుడప్పుడు పొడుగు కర్రతో కలియబెడతారు. ఆ కణాలు నెమ్మదిగా కరిగి, వాటి గోడల్లోని మాంసకృత్తులు, చక్కెర గొలుసులు వైన్‌లో కలవడంతో దానికి కొంత చిక్కదనం వస్తుంది. ఫ్రాన్స్‌లో లువార్ నది ముఖద్వారం దగ్గర మస్కదే అనే వైన్‌ను శీతకాలమంతా మడ్డి మీదనే ఉంచి, తేటను నేరుగా సీసాలకు ఎత్తుతారు. అందులో వెన్న వాసన ఉండదు, ఓక్ చెక్క పీపా రుచీ ఉండదు. పలుచని వైనే అయినా నోటిలో నిండుగా ఉంటుంది.

ఓక్ పీపాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 225 లీటర్ల కొత్త పీపా లోపలి భాగాన్ని నిప్పుమీద కాల్చడంవల్ల వెనిల్లా, కాల్చిన రొట్టె వాసనలు వైన్‌లోకి దిగుతాయి. పాత పీపాలో అవి తక్కువ; స్టీలు తొట్టెలో అసలే ఉండవు. వాసన ఎక్కువైనకొద్దీ వైన్ గొప్పదన్న భావన మన నగరాల్లో కనిపిస్తోంది గానీ, దానితో నేను ఏకీభవించను.

వైట్ వైన్‌కు సాధారణంగా తొక్కలను ముందే పిండి వేరుచేస్తారు కాబట్టి వగరు తక్కువ. జార్జియా దేశంలో మాత్రం భూమిలో పాతిన క్వెవ్రీ అనే పెద్ద మట్టి జాడీల్లో తెల్ల ద్రాక్షను తొక్కలతోనే పులియబెట్టే పద్ధతి ఈనాటికీ ఉంది. కాషాయం కలిసిన పసుపు రంగులో ఉండే ఆ వైన్‌లో చిక్కటి డికాషన్ వగరు తెలుస్తుంది. ఆ పద్ధతిని యునెస్కో 2013లో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

ఇక అడుగున కనిపించిన పలుకులు. వాటిని చూసి భయపడవలసిన పని లేదు. పైన చెప్పిన చింతపండు పులుపే, ద్రాక్షలోని పొటాషియంతో కలిసి, చలికి స్ఫటికాలుగా పేరుకుంటుంది. చాలామంది తయారీదారులు సీసాలకు ఎత్తకముందే వైన్‌ను సున్నా డిగ్రీలకు దగ్గరగా చల్లబరిచి వాటిని తొట్టెలోనే దింపేస్తారు. మీ సీసా విషయంలో ఆ పని చేయలేదు, లేదా సరిపడా చేయలేదు. సీసాను ఒక పూట నిటారుగా నిలబెట్టి, అడుగు కదలకుండా పైతేటను వంచుకోండి.