చెప్పిన తేదీకి లోకం అంతం కాలేదు. మా సంఘాన్ని అనుమానించడం అవిశ్వాసమా?

కాదు. అమెరికాలో విలియం మిల్లర్ అనే క్రైస్తవ బోధకుడి అనుచరులు 1844 అక్టోబర్ 22న క్రీస్తు తిరిగి వస్తాడని నమ్మారు. కొందరు పంట కోయకుండా పొలాల్లోనే వదిలేశారు. ఆ రోజు మామూలుగానే గడిచిపోయింది. మిల్లర్ తన పొరపాటు ఒప్పుకున్నాడు. కొందరు అనుచరులు మాత్రం తేదీ సరైనదేనని, ఆ రోజు జరగాల్సింది పరలోకంలో జరిగిందని అన్నారు. లోపల ఉన్నవాళ్లకు చిక్కంతా ఇక్కడే: జోస్యం తప్పినా దాని అర్థం మార్చేస్తారు, అనుమానించినవాడు దోషి అవుతాడు. కుటుంబం, స్నేహితులు అందరూ ఆ సంఘంలోనే ఉంటే నోరు విప్పడం ఎంత టెన్షనో నాకు అర్థమవుతుంది. కానీ ప్రవక్త చెప్పింది జరగకపోతే అది దేవుడి మాట కాదని బైబిల్‌లోని ద్వితీయోపదేశకాండం 18:22 స్పష్టంగా చెబుతోంది. మీ సంఘం పాత పత్రికలు దొరికితే, అప్పట్లో ఏం రాశారో మీరే చదవండి.