ఏడేళ్ళ బాబు నిక్కరు పాడుచేసుకుంటున్నాడా? మా పాప సంగతి చెబుతాను

మీ బాబుకి 7 ఏళ్ళు, రోజూ నిక్కరుకి కొంచెం కొంచెం మలం అంటుకుంటోంది, రాత్రిళ్ళు పక్క తడుపుతున్నాడు, కొట్టినా మానడం లేదు అని రాశారు. ముందు కొట్టడం ఆపండి. వాడికి వస్తున్నట్టు తెలియకపోవచ్చండీ. మా పాపతో ఏడాదిన్నర ఇదే పడ్డాం.

మాది విజయవాడ, పటమట. పాప రెండో తరగతిలో ఉండగా స్కూల్లో లెట్రిన్‌కి గడియ లేదని రెంటికి వెళ్ళకుండా బిగపట్టుకునేదట. మాకు ఆ సంగతి తెలీదు. చెడ్డీకి అంటుతుంటే విరేచనాలనుకుని సగ్గుబియ్యం జావ పెట్టాను, మందుల షాపులో అడిగి మోషన్లు ఆగే మాత్ర కూడా వేశాను. సరిగ్గా చేయకూడని పని అదే. అత్తయ్యగారు దిష్టి తీశారు, దానివల్ల నష్టమేమీ లేదు.

చివరికి సూర్యారావుపేటలో పిల్లల డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి మలబద్ధకం అన్నారు. రోజూ అవుతోంది కదండీ అన్నాను. కాలవకి గుర్రపుడెక్క అడ్డం పడితే నీళ్ళు సందుల్లోంచి జారతాయి చూశారా, ఇదీ అంతే అన్నారు. గట్టి మలం పేరుకుని పేగు చివర సాగిపోతుంది, వస్తోందన్న కబురు పిల్లకి అందదు, పల్చటిది పక్కల నుంచి కారిపోతుంది. ఆ ముద్దే మూత్రాశయాన్ని నొక్కడంతో పక్క కూడా తడుస్తుంది.

మలాన్ని మెత్తబరిచే పాలీఇథిలిన్ గ్లైకాల్ అనే మందు పొడి నీళ్ళలో కలిపి ఇమ్మన్నారు. లోపలిది ఖాళీ అయ్యేదాకా ఎక్కువ మోతాదు, తర్వాత రోజూ తక్కువ. మోతాదు డాక్టరే చెప్పాలి. మొదటి రోజుల్లో బాత్రూమ్ దగ్గరే కాపురం కాబట్టి దసరా సెలవుల్లో మొదలుపెట్టాం. బావుంది కదా అని 3 వారాలకే మానేశాను. నెల తిరక్కుండా మళ్ళీ మొదటికొచ్చింది. సాగిన పేగు మామూలు కావడానికి నెలలు పడుతుందట. రెండోసారి 8 నెలలు వాడి మెల్లగా తగ్గించాం. పాపకి మందు అలవాటైపోతుందేమోనని మావారికి ఒకటే టెన్షన్. ఇది అలా అలవాటయ్యే మందు కాదన్నారు.

టిఫిన్ తర్వాత, రాత్రి అన్నం తర్వాత 5-10 నిమిషాలు కూర్చోబెట్టండి. తిన్నాక పేగు దానంతటదే కదులుతుంది. వెస్టర్న్ కమోడ్ అయితే కాళ్ళు వేలాడకుండా కింద పీట వేయండి. వచ్చినా రాకపోయినా, కూర్చున్నందుకే మేం క్యాలెండరు మీద స్టిక్కరు అంటించేవాళ్ళం. పక్క తడుపుతున్నాడని పగలు నీళ్ళు తగ్గించకండి, మలం ఇంకా గట్టిపడుతుంది. క్లాస్ టీచరుతో విడిగా మాట్లాడి, అడిగిన వెంటనే బాత్రూమ్‌కి పంపేలా చూడండి. బ్యాగులో కవర్లో ఇంకో నిక్కరు ఉండాలి.

రక్తం పడినా, పొట్ట ఉబ్బి వాంతులైనా, కాళ్ళలో బలం తగ్గినా ఇంట్లో ప్రయోగాలు వద్దు. విపరీతమైన దాహంతో పాటు ఉన్నట్టుండి పక్క తడపడం మొదలైతే ఆ రోజే షుగర్ చూపించండి. పుట్టినప్పుడు మొదటి మలం రెండు రోజుల దాకా రాలేదంటే అదీ డాక్టరుకి చెప్పండి.

మా పాపకి పక్క తడపడం అన్నిటికన్నా ఆఖరున తగ్గింది. రెంటికి సరిపడ్డాక కూడా ఇంకో 4 నెలలు రబ్బరు షీటు వేస్తూనే ఉన్నాం.