మహమ్మారి వస్తే హెల్త్ ఇన్సూరెన్స్ షేర్లు పడతాయా, పెరుగుతాయా?

జబ్బులు పెరిగితే క్లెయిమ్‌లూ పెరుగుతాయి కాబట్టి ఈ షేర్లు పడాలి కదా అన్నది మీ ప్రశ్న. కరోనా సమయంలో నేను ఒక బీమా కంపెనీ క్లెయిమ్స్ విభాగంలో పనిచేశాను. 2020 మొదట్లో మా టెన్షన్ కూడా అదే. తీరా లాక్‌డౌన్ పెట్టాక క్యాష్‌లెస్ (ఆసుపత్రి బిల్లు నేరుగా కంపెనీయే కట్టడం) కోసం వచ్చే రిక్వెస్టులు ఒక్కసారిగా పలచబడ్డాయి. మోకాలి మార్పిడి, కేటరాక్ట్, హెర్నియా లాంటివి అన్నీ వాయిదా! ఆసుపత్రి గడప తొక్కాలంటేనే జనానికి భయం. ప్రీమియం మాత్రం కంపెనీకి ముందే వచ్చేసి ఉంది.

అమెరికాలో యునైటెడ్‌హెల్త్ అనే హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ సంగతి చూడండి. 2020 మార్చిలో మార్కెట్‌తో పాటే ఆ షేరూ కుప్పకూలింది. ఏప్రిల్-జూన్ ఫలితాల్లో మాత్రం లాభం అంతకుముందు ఏడాది అవే మూడు నెలలతో పోలిస్తే దాదాపు రెట్టింపై 660 కోట్ల డాలర్లకు చేరింది. ప్రీమియంలో వైద్యానికి పోయే వాటా 83 శాతం నుంచి 70 శాతానికి దిగింది. ఏడాది చివరికి షేరు కరోనా ముందటి ధరను దాటేసింది. (అక్కడి చట్టం ప్రకారం ప్రీమియంలో 80 - 85 శాతం వైద్యానికి ఖర్చు కాకపోతే తేడా కస్టమర్లకు తిరిగివ్వాలి. కాబట్టి మిగిలిందంతా వాటాదారులదే అనుకోకండి.)

మన దగ్గర 2021 రెండో వేవ్‌లో కథ అడ్డం తిరిగింది. ఒకే ఫ్లోటర్ పాలసీ (ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకునే పాలసీ) మీద భార్య, భర్త, పెద్దవాళ్లు అందరూ ఒకే వారంలో అడ్మిట్ అయిన ఫైళ్లు నా టేబుల్ మీదికి వచ్చేవి. బిల్లులో ఐసీయూ, ఆక్సిజన్, రోజుకిన్ని పీపీఈ కిట్లు. ఇంట్లో అందరూ ఒకేసారి మంచాన పడరన్న లెక్క మీదే ఫ్లోటర్ ప్రీమియం నడుస్తుంది. ఆ లెక్కే తప్పింది. పైగా రేట్లు అప్పటికప్పుడు పెంచడం కుదరదు. ఇక్కడి హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ స్టార్ హెల్త్ 2021-22లో వెయ్యి కోట్ల రూపాయలకు పైగా నష్టం చూపింది. 2021 డిసెంబరులో ఐపీఓలో (తొలిసారి జనానికి అమ్మినప్పుడు) 900 రూపాయలకు ఇచ్చిన దాని షేరు, మార్కెట్లో లిస్టింగ్ రోజే అంతకంటే తక్కువకు మొదలైంది.

వాయిదా పడ్డ ఆపరేషన్లు కూడా ఎక్కడికీ పోవు. పెద్దవాళ్లు తుంటి, మోకాలి సర్జరీలకు మళ్లీ వస్తున్నారని 2023 జూన్‌లో యునైటెడ్‌హెల్త్ చెప్పగానే షేరు ఒక్కరోజులో 6 శాతం పడింది. అక్కడి మరో బీమా కంపెనీ హ్యుమానా షేరు ఇంకా ఎక్కువే పడింది.

అందుకే ఫలితాలు వచ్చినప్పుడు నేను లాభం కంటే ముందు క్లెయిమ్స్ రేషియో, అంటే ప్రీమియంలో క్లెయిమ్‌లకు పోయే వాటా చూస్తాను. మామూలు కంటే మరీ తగ్గి కనిపిస్తే నాకు సంబరం కాదు, గుబులే.