కథలు రాయడం మానేస్తే నీరసం తగ్గుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 49 ఏళ్లు. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె. మావారిది కొబ్బరి వ్యాపారం. అత్తగారికి 78 ఏళ్లు, షుగర్ ఉంది. డ్వాక్రా సంఘం లెక్కలు నేనే రాస్తాను, గుడి కమిటీలో కూడా ఉన్నాను. పెరట్లో ఆనప, బీర, దొండ పాదులు, పూల మొక్కలు పెంచుతాను. నాకు కథలు రాయడం ఇష్టం. అందరూ పడుకున్నాక రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఫోన్‌లో టైప్ చేస్తాను, మళ్లీ నాలుగున్నరకి లేస్తాను. ఆరు నెలలుగా ఒకటే నీరసం. మేడ మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, జుట్టు రాలుతోంది, కుడి బొటనవేలి మొదట్లో నొప్పి. చిన్న మాటకే ఏడుపొస్తోంది. నెలసరి ఎనిమిది రోజులు అవుతోంది. ‘అన్నీ నెత్తినేసుకుంటే ఇంతే, ముందు ఆ రాతలు మానెయ్’ అంటున్నారు ఇంట్లో. మానేస్తే తగ్గుతుందా?

జవాబు: అమ్మా, రాతలు మానేస్తే తగ్గదు. మీ ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన మాట ఉంది చూశారా, నెలసరి ఎనిమిది రోజులు అవుతోందని, నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. నీరసం, ఆయాసం, జుట్టు రాలడం ఈ మూడింటినీ దాని పక్కన పెట్టి చూస్తే ముందు అనుమానించాల్సింది రక్తహీనతను. ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తం తక్కువగా ఉన్నట్టే. నెలనెలా కొంచెం కొంచెంగా తగ్గేసరికి ఒళ్లు దానికే అలవాటు పడిపోతుంది. 7 గ్రాముల రక్తంతో ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూ, ఎవరో బలవంతం చేస్తే గానీ ఆసుపత్రికి రాని ఆడవాళ్లను చూస్తూనే ఉంటాను. వాళ్లు కూడా ‘కొంచెం నీరసంగా ఉందండీ’ అనే అంటారు.

కాబట్టి ఈ వారంలోనే సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, విటమిన్ బీ12, షుగర్ పరీక్షలు చేయించుకోండి. బీపీ కూడా చూపించుకోండి. థైరాయిడ్ తగ్గినా నీరసం, జుట్టు రాలడం, ఎక్కువ బ్లీడింగ్, దిగులు అన్నీ ఉంటాయి, అందుకే అది వదలకూడదు. ‘ఈ వయసులో ఇంతేలే, ఆగిపోయే ముందు ఇలాగే అవుతుంది’ అని ఇరుగుపొరుగు చెబుతారు. హార్మోన్ల మార్పు వల్ల కావచ్చు. కానీ 45 దాటాక బ్లీడింగ్ ఎక్కువైతే గర్భసంచిలో గడ్డలున్నాయా, లోపలి పొర మందంగా ఉందా అని స్కానింగ్‌లో చూడకుండా ఆ మాట అనుకోకూడదు. గైనకాలజిస్టును కలవండి. గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, మెట్లెక్కేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టున్నా ఆ రోజే వెళ్లండి.

రక్తం తక్కువని తేలితే బెల్లం ముక్కతో, తోటకూరతో తీరే లోటు కాదది. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు వేసుకోవాలి. మన ఇళ్లలో టిఫిన్ అవగానే టీ తాగుతాం, ఆ టీతో పాటే మాత్రా వేసేసుకుంటారు చాలామంది. టీ ఉంటే ఒంటికి ఐరన్ సరిగా పట్టదు. మాత్రకూ టీకీ మధ్య కనీసం గంటన్నా ఎడం ఉంచండి, నిమ్మరసంతో వేసుకుంటే ఇంకా మంచిది. విరేచనం నల్లగా వస్తే కంగారు పడొద్దు. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా మరో మూడు నెలలు వాడితేనే ఒంట్లో ఐరన్ నిల్వలు నిండుతాయి.

రెండోది నిద్ర. మీరు చెప్పిన వేళలతో లెక్కేశాను, మూడున్నర గంటలు! పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటలు కావాలి. సంఘానికి, తోటకి, ఇంటికి, కథకి అన్నిటికీ మీరు నిద్రలోంచే తీసి ఇస్తున్నారు. చిన్న మాటకే ఏడుపు రావడానికి ఇదొక్కటి చాలు. రాత్రి పదింటికల్లా ఫోన్ వేరే గదిలో పెట్టి పడుకోండి, ఐదింటికి లేవండి. సాయంత్రం నాలుగు దాటాక టీ, కాఫీ వద్దు.

మరి కథ ఎప్పుడు రాయాలంటారా? మధ్యాహ్నం భోజనాలయ్యాక, అత్తగారు కునుకు తీసే వేళ, రెండు నుంచి మూడు దాకా. ఆ గంట మీదని ఇంట్లో అందరికీ చెప్పండి. దొంగతనంగా రాయాల్సిన అవసరమేమీ లేదు. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మానసిక శాస్త్రవేత్త 1986లో ఒక పరిశోధన వెలువరించారు. మనసులోని బాధను వరసగా నాలుగు రోజులు, రోజూ 15 నిమిషాలు రాసిన విద్యార్థులు ఆ తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. అది కథల మీద చేసిన పరిశోధన కాదు, రాస్తే రక్తహీనత పోదు కూడా. కానీ మీకు ఊపిరి తీసుకునే చోటు అదొక్కటే అని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. దాన్ని తీసేయమని ఏ డాక్టరైనా ఎందుకు చెప్పాలి?

బొటనవేలి నొప్పికి ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. బొటనవేలిని పిడికిట్లో మూసి, మణికట్టును చిటికెన వేలి వైపు నెమ్మదిగా వంచండి. బొటనవేలి మొదట్లో, మణికట్టు అంచున చురుక్కుమని నొప్పి పుడితే అక్కడి నరం లాంటి తాడు, అంటే టెండాన్, వాచినట్టు. రాత్రి రెండు గంటలు ఆ వేలితో టైప్ చేస్తున్నారు, పొద్దున్నే అదే వేలితో నొక్కిపట్టి కలుపు లాగుతున్నారు. మరి దానికి తెరిపి ఎక్కడ? బొటనవేలిని కూడా కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ మందుల షాపుల్లో దొరుకుతుంది, మూడు నాలుగు వారాలు పెట్టుకోండి. కథ కాగితం మీద రాయండి, లేదంటే ఫోన్‌కి తెలుగులో చెబితే అదే టైప్ చేసుకుంటుంది. కలుపు తడి నేలలో, పనిముట్టుతో గుల్లచేసి తీయండి. బిందెతో మోయకుండా పైపుతో నీళ్లు పెట్టండి. ఆరు వారాలకూ తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించాలి.

తోట మాత్రం వదలొద్దు. పొద్దుటి ఎండ, నడక, వంగి లేవడం మీ వయసుకు మంచివే. వానాకాలంలో మాత్రం ఒక జాగ్రత్త. మన డెల్టాలో వరదొచ్చినా, కాలువ నీళ్లు పొంగినా పెరట్లో నీళ్లు నిలుస్తాయి, ఎలుకలకు కొదవ లేదు. వాటి మూత్రం కలిసిన తడిలో కాలిపగుళ్లతో తిరిగితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. గమ్‌బూట్లు వేసుకోండి. జ్వరంతో పాటు పిక్కలు పట్టేసి, కళ్లు ఎర్రబడితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించి, ‘నిలవ నీళ్లలో పని చేశాను’ అని మీరే చెప్పండి. ఆ ఒక్క మాటతో జబ్బును త్వరగా పోల్చుకోవచ్చు. టీటీ ఇంజెక్షన్ చేయించుకుని పదేళ్లు దాటితే అది కూడా చేయించుకోండి.

సంఘం లెక్కలు రాయడం ఇంకొకరికి నేర్పండి, ఈ ఏడాది సగం పని వాళ్లది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మీ ఇంటికి ఎంతమంది చుట్టాలొస్తారో ఊహించగలను, ఈసారి వంటకి మనిషిని పెట్టుకోండి.

ఈ జవాబు మీవారికి కూడా చదివి వినిపించండి. అత్తగారి షుగర్ మాత్రల బాధ్యత ఆయన తీసుకోవచ్చు, పరీక్షలకు దగ్గరుండి తీసుకెళ్లాల్సిందీ ఆయనే. నిద్ర సరిపడా పోయినా రెండు వారాలకూ ఏడుపు, దిగులు తగ్గకపోతే మానసిక వైద్యుణ్ని కలవండి. బతకాలనిపించడం లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి, లేదా మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు గడిచిన మూడు నెలల్లో నెలసరి మొదలైన తేదీ, ఆగిన తేదీ, రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చారో కాగితం మీద రాసి పట్టుకెళ్లండి.