కొత్త పన్ను చట్టం వచ్చింది కదా, పాత తప్పు మాఫీ అయినట్టేనా?

సందేహం: మాది విశాఖ, గాజువాక. ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగం. తోటి ఉద్యోగుల మాట విని 2023 జులైలో, 2024 జులైలో ద్వారకానగర్‌లోని ఒక ఏజెంటు చేత ఐటీ రిటర్నులు వేయించాను. మొదటిసారి 60 వేలు, రెండోసారి 45 వేలు రిఫండు వచ్చింది. అందులో పది శాతం అతనికిచ్చాను. పార్టీకి విరాళం, చదువు అప్పు మీద వడ్డీ, పెద్ద జబ్బుకు వైద్యం అంటూ లేనివన్నీ రాశాడని ఈమధ్యే తెలిసింది. మినహాయింపులు సరిచూసుకోమని శాఖ నుంచి ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏజెంటు ఆఫీసుకు తాళం. అమ్మాయి పెళ్లి దగ్గర పడింది, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పన్ను విధానాన్ని సులభం చేస్తూ కొత్త చట్టం వచ్చింది కదా, 80సీ లాంటి సెక్షన్లే ఇప్పుడు లేవంటున్నారు. 12 లక్షల దాకా పన్నే లేదట. ఇక పాతవి అడగరా? మూడేళ్లు ఓపిక పడితే చాలని ఒక స్నేహితుడు, పాత తేదీలతో రసీదులు ఇప్పిస్తానని మరొకరు అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో పెళ్లి గురించి ఉంది, నిద్ర గురించి ఉంది. అసలు విషయం మాత్రం లేదు. మీకు వచ్చింది మెసేజ్ ఒక్కటేనా, నోటీసు కూడా వచ్చిందా? మీ కేసు మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది.

నోటీసు రాలేదని మీరు అనుకుంటూ ఉండవచ్చు. ఇలాంటి ఏజెంట్లు మొబైల్ నంబరు మీదే పెట్టి, ఈమెయిల్ మాత్రం తమది పెట్టుకుంటారు. నోటీసు ఆ ఈమెయిల్‌కు వెళ్లి ఏ మూలో పడి ఉంటుంది. నాకు చేతికి అందలేదంటే చెల్లదు. ఈ రోజే మీ పాన్‌తో ఈ-ఫైలింగ్ పోర్టల్ తెరవండి. పాస్‌వర్డ్ ఏజెంటు దగ్గరే ఉందంటే ఆధార్ ఓటీపీతో మార్చుకోండి. ప్రొఫైల్‌లో ఈమెయిల్ మార్చండి. తర్వాత 'పెండింగ్ యాక్షన్స్'లో 'ఈ-ప్రొసీడింగ్స్' చూడండి. అక్కడ ఏమీ లేకపోతే మీకు మంచి దారే ఉంది. ఏదైనా ఉంటే అందులోని గడువు తేదీ చూసుకుని, ఇది చదవడం ఆపి ముందు ఒక చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గరకు వెళ్లండి.

ఇక కొత్త చట్టం సంగతి. 2025 నాటి ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 1961 చట్టం రద్దయిన మాట నిజం. సెక్షన్లు 536కి తగ్గాయి, 80సీ వెళ్లి 123లో కూర్చుంది, ఆదాయం వచ్చిన ఏడాదికి గత సంవత్సరం, దాని మీద లెక్క తేల్చే మరుసటి ఏడాదికి మదింపు సంవత్సరం అనే రెండు పేర్ల గందరగోళం పోయి 'పన్ను సంవత్సరం' ఒక్కటే మిగిలింది. చట్టం చదవడం సులభమైంది, సంతోషం. అయితే ఆ 536 సెక్షన్లలో చివరిదే మీకు కావలసింది. పాత చట్టాన్ని రద్దు చేసేది అదే, 2026 ఏప్రిల్ 1కి ముందు మొదలైన సంవత్సరాల వ్యవహారాలన్నీ పాత చట్టం ప్రకారమే నడుస్తాయని చెప్పేదీ అదే. 12 లక్షల రిబేటు కూడా 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచే. మీ తప్పులు 2022-23, 2023-24 ఆర్థిక సంవత్సరాలవి. వాటికి అది వర్తించదు.

మీ స్నేహితుడి మూడేళ్ల లెక్క కూడా తప్పు. రిటర్ను వేసిన రోజు నుంచి కాదు, మదింపు సంవత్సరం ముగిసిన రోజు నుంచి లెక్కించాలి. మీ మొదటి రిటర్నుది 2023-24 మదింపు సంవత్సరం. అది 2024 మార్చి 31తో ముగిసింది. కాబట్టి సంజాయిషీ అడిగే నోటీసుకు 2027 మార్చి 31 దాకా, కేసు తిరగదోడే నోటీసుకు ఆ ఏడాది జూన్ 30 దాకా శాఖకు సమయం ఉంది. రెండో రిటర్నుకు మరో ఏడాది. ఆ తేదీలు దాటినా ప్రాసిక్యూషన్‌కు కాలపరిమితి అడ్డు రాదు. 1974లోనే ఆర్థిక నేరాలకు పరిమితి వర్తించదని వేరే చట్టం చేశారు, ఆ జాబితాలో ఆదాయపు పన్ను చట్టం ఉంది.

రసీదులు ఇప్పిస్తానన్న మనిషి ఫోన్ ఎత్తకండి. ఇప్పటిదాకా మీ మీద ఉన్నది తప్పుడు క్లెయిము. పాత తేదీతో కాగితం పుట్టించి పెట్టిన మరుక్షణం అది దొంగ సాక్ష్యం సృష్టించిన నేరం అవుతుంది. పన్ను అధికారి ముందు జరిగే విచారణను దొంగ సాక్ష్యం సెక్షన్ల కోసం న్యాయ విచారణగానే చూస్తారు. పైగా ఆ కాగితం నిలబడదు. పార్టీ విరాళం నగదుగా ఇస్తే మినహాయింపే లేదు. బ్యాంకు నుంచి వెళ్లిందంటే మీ పాస్‌బుక్కులో ఆ తేదీన ఆ ఎంట్రీ ఏది? చదువు అప్పుకు లోన్ ఖాతా నంబరు ఏది? జబ్బుకు స్పెషలిస్టు చీటీ కావాలి. తెలిసిన డాక్టరు గారిని బతిమాలి రాయిస్తే ఆయన కూడా మీ పక్కన బోనులో నిలబడతారు.

ఏజెంటు మోసం చేశాడంటున్నారు. ఓటీపీ చెప్పింది ఎవరండీ? లేని పార్టీ విరాళం మీద రిఫండు వస్తే అందులో పది శాతం అతనికి ఎందుకిచ్చారు? రిటర్నును ధ్రువీకరించింది మీరు కాబట్టి చట్టం దృష్టిలో అది మీ రిటర్నే. విశాఖలోనే పన్ను అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ బెంచ్ ఉంది కదా, అక్కడిదాకా పోరాడదామని ఎవరైనా సలహా ఇచ్చినా వినకండి. చేతిలో ఒక్క రుజువు లేకుండా ఏ బెంచ్ ముందు నిలబడినా ఒకటే.

నోటీసు లేకపోతే మీకున్న దారి అప్‌డేటెడ్ రిటర్ను, అంటే ఐటీఆర్-యూ. మదింపు సంవత్సరం ముగిశాక 48 నెలల దాకా వేయవచ్చు. వెనక్కి కట్టాల్సిన మొత్తానికి, వడ్డీకి తోడు అదనపు పన్ను ఉంటుంది. 2027 మార్చి 31లోపు అయితే మొదటి రిటర్నుకు 60 శాతం, రెండోదానికి 50 శాతం. ఆ తేదీ దాటితే 70, 60. వడ్డీ పక్కన పెట్టి చూస్తే ఇప్పుడు 60 వేల మీద 36 వేలు, 45 వేల మీద 22,500. ఎక్కువనిపిస్తుంది, నిజమే. శాఖే పట్టుకుంటే తప్పుడు వివరాలకు జరిమానా పన్నుకు 200 శాతం. అంటే మొదటి రిటర్ను ఒక్కదానికే 1,20,000, పన్ను వేరే. నోటీసు వచ్చాక ఈ దారి ఇరుకవుతుంది, అందుకే వాయిదా వేయకండి.

వేసే ముందు ఒక జాగ్రత్త. ఒక్కో సంవత్సరానికి అప్‌డేటెడ్ రిటర్ను ఒక్కసారే వేయగలరు. విరాళం తీసేసి జబ్బు ఖర్చు వదిలేస్తానంటే కుదరదు. ఏజెంటు వేసిన రిటర్నును పోర్టల్ నుంచి డౌన్‌లోడ్ చేసుకుని, ఫారం 16 పక్కన పెట్టుకుని ఒక్కో వరుసా పోల్చండి. మీ ఆదాయాల గురించి శాఖకు అందిన సమాచారమంతా చూపే ఏఐఎస్ పట్టికలో ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ కూడా కనబడుతుంది, మరిచిపోయి ఉంటే అదీ ఇప్పుడే కలిపేయండి. ముందు చలానా కట్టి, ఆ వివరాలతోనే రిటర్ను వేయాలి.

ఏజెంటు మీద పోలీసు ఫిర్యాదు ఆ తర్వాతే. ముందే ఇస్తే, సరిదిద్దుకోకుండానే మీ తప్పు మీరే రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టవుతుంది. అయితే ఆధారాలు మాత్రం ఇప్పుడే భద్రం చేయండి. అతనికి కమిషన్ పంపిన యూపీఐ ఎంట్రీలున్న బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకోండి. వాట్సాప్ చాట్ ఉన్న ఫోనును మార్చకండి, అమ్మకండి. స్క్రీన్‌షాట్లతో సరిపెడితే కోర్టులో ఇబ్బంది, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ అడుగుతారు, అసలు ఫోను చేతిలో ఉంటే అది సులువు. కమిషన్ డబ్బు రాబట్టుకునే దావాకు మాత్రం ఖర్చు పెట్టకండి. మీరిచ్చిన పదివేల అయిదు వందల కోసం కోర్టు చుట్టూ తిరిగితే, తప్పుడు రిఫండులో వాటా ఎందుకిచ్చారన్న ప్రశ్నే మీకు ముందు ఎదురవుతుంది.