ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో ఉన్న అమ్మాయి ఇప్పుడు ఇంటి నుంచి వెళ్తానంటోంది

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. అమ్మాయికి విజయవాడ కానూరు వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ సీటు వచ్చింది. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లోనే చదివింది కాబట్టి ఇప్పుడూ హాస్టల్లోనే చేర్చుదామని నేనంటున్నాను. తను మాత్రం ‘ఇంటి నుంచే వెళ్లొస్తా నాన్నా’ అని పట్టుబట్టింది. రోజూ అప్ అండ్ డౌన్ చేస్తే చదువు ఏమైపోతుందోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మొదటి ఏడాదికి అమ్మాయి మాటే వినండి. ‘హాస్టల్ అలవాటే కదా’ అన్న దగ్గరే మీతో నాకు పేచీ. ఇంటర్ హాస్టల్లో తెల్లవారుజామున లేపేవాళ్లుంటారు, స్టడీ అవర్లో కూర్చోబెట్టేవాళ్లుంటారు, చేతిలో ఫోన్ ఉండదు. బీటెక్ హాస్టల్లో రాత్రి రెండింటిదాకా ఫోన్ చూసి పొద్దున్న క్లాసు ఎగ్గొట్టినా అడిగే నాథుడుండడు. ఆ అలవాటు ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. పైగా పదిహేనేళ్లకే ఇల్లు వదిలిన పిల్ల ఇప్పుడు ఇంట్లో ఉండాలనుకోవడాన్ని నేనైతే గారాబం అనను.

అలాగని ప్రయాణం తేలికేమీ కాదు. విజయవాడ ముప్పై కిలోమీటర్ల పైచిలుకే. కానీ కాలేజీ బస్సు గుంటూరంతా తిరిగి పిల్లల్ని ఎక్కించుకుని, వారధి దాటి, బెంజి సర్కిల్ మీదుగా బందరు రోడ్డెక్కి కానూరు చేరాలి. రానూపోనూ మూడు గంటలు పోతాయనే లెక్క వేసుకోండి. దసరా రోజుల్లో ఇంకా ఎక్కువే. బస్సు తప్పితే మొదటి పీరియడ్ పోయినట్టే, హాజరు 75 శాతం కన్నా తగ్గితే మళ్లీ అదో తలనొప్పి. అందుకే ఫీజు కట్టకముందే ఏదైనా పనిదినం చూసుకుని ఇద్దరూ ఆ టైముకే బయల్దేరి వెళ్లి, సాయంత్రం రద్దీలోనే తిరిగి రండి. ఇంటికొచ్చాక అమ్మాయి పుస్తకం తీయగలదో లేదో మీకే తెలుస్తుంది.

డే స్కాలర్లకు అసలు దెబ్బ సాయంత్రం పూట తగులుతుంది. కోడింగ్ క్లబ్బులు, ప్రాజెక్టు పనులు, సీనియర్లతో పరిచయాలు అన్నీ కాలేజీ బస్సు వెళ్లిపోయాకే మొదలవుతాయి. దీనికి మీ అమ్మాయికి ఒక వెసులుబాటు ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఆధార్ చూపిస్తే చాలు. వారానికి రెండు రోజులు ఆగి, కానూరు నుంచి సిటీ బస్సులో బస్టాండుకు, అక్కడి నుంచి గుంటూరు ఎక్స్‌ప్రెస్‌లో రావచ్చు. చీకటి పడుతుందని మీకు భయమైతే తోడుగా గుంటూరు పిల్లలెవరైనా ఉన్నారేమో చూసుకోమనండి. తప్పకుండా ఉంటారు.

మొదటి సెమిస్టర్ మార్కులు, నిద్ర, ఆరోగ్యం చూశాక మళ్లీ మాట్లాడుకోండి. ఆలోగా హాస్టల్ ఆఫీసులో రెండు సంగతులు కనుక్కోండి: ఏడాది మధ్యలో చేర్చుకుంటారా, మధ్యలో మానేస్తే కట్టిన డబ్బు వెనక్కి ఇస్తారా అని. రెండోదానికి జవాబు కాగితం మీద ఉంటేనే నమ్మండి.

మూడో ఏడాదికి మాత్రం నా ఓటు హాస్టల్‌కే. ప్లేస్‌మెంట్ ట్రైనింగులు, ఆన్‌లైన్ టెస్టులు మొదలయ్యాక రోజుకు మూడు గంటలు రోడ్డు మీద పోగొట్టుకోవడం దండగ. గదులు ముందే నిండిపోవచ్చు కాబట్టి రెండో ఏడాది పరీక్షలు అయ్యేలోపే వార్డెన్‌కు చెప్పి ఉంచండి.